చంటి అనే బాబు తప్పిపోయాడు

పోయిన నెల మావాణ్ణి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కళ్ళు పరీక్ష చేసే అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. మిషను ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, "బాబూ, గడ్డం ఇక్కడ ఆనించు. కదలకూడదు. గుడ్ బాయ్" అంది. మావాడు బుద్ధిగా గడ్డం ఆనించాడు. ఆ గడ్డంలో సగం వెంట్రుకలు తెల్లవి. మొన్న నవంబరుకు వాడికి నలభై నిండాయి.

ఆ అమ్మాయిని తప్పు పట్టడానికి నాకు నోరు లేదు. ఇంట్లో మేం పిలిచే పేరే చంటి. పురిట్లో మా అత్తగారు పెట్టిన ముద్దుపేరు. ఇలాంటి పేర్లు మామూలుగా ఉద్యోగం వచ్చేనాటికి వాటంతటవే రాలిపోతాయి, లేదా కొత్త పెళ్ళాం ముందు పిలిచారని వాళ్ళే విసుక్కుని మాన్పిస్తారు. మావాడికి ఆ అవకాశాలు రాలేదు. అసలు పేరు ఒకటుంది, మా మామగారి తండ్రిది, నిండైన పేరు. అది ఇక్కడ రాయనా అని అడిగితే "వద్దు" అన్నాడు. అందుకని రాయడం లేదు.

వాడు పుట్టింది 1985లో. అప్పుడు మేం మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన రైల్ నిలయంలో అకౌంట్స్ క్లర్కు. పుట్టిన రెండో రోజు పిల్లల డాక్టరు వచ్చి వీడి గుప్పిట విప్పి చాలాసేపు చూశాడు. జాతకం చూస్తున్నాడేమో అనుకున్నాను. అరచేతిలో పైన రెండు గీతలుండాల్సిన చోట అడ్డంగా ఒకటే గీత ఉంది. ఆ రోజుల్లో డాక్టర్లే "మంగోల్ బేబీ" అనేసేవాళ్ళు. మా ఆయన ఆ మాట అర్థంకాక, ఆఫీసు నుంచి అట్లాసు తెచ్చి మంగోలియా దేశం ఎక్కడుందో వెతికారు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ ఆ రాత్రి ఇద్దరం ఆ పటం ముందు ఎంతసేపు కూర్చున్నామో.

తర్వాత బేగంపేటలో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ జెనెటిక్స్ సంస్థలో రక్తం ఇచ్చొచ్చాం. అందరికీ 46 ఉండే క్రోమోజోములు వీడికి 47 ఉన్నాయనీ, 21వ జతలో ఒకటి ఎక్కువ వచ్చిందనీ చెప్పారు. డౌన్ సిండ్రోమ్ అనే మాట అక్కడే మొదటిసారి విన్నాను. ఇంటికొచ్చి మా అత్తగారికి చెబితే, "ఎక్కువుంటే మంచిదే కదే" అన్నారు. ఆవిడ ఆ మాట హాస్యానికి అనలేదు. ఇలాంటి పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. మావాడికి చిన్న రంధ్రం ఉండి, మూడో ఏడు వచ్చేసరికి దానంతటదే పూడుకుంది. ఇరవై ఏళ్ళు దాటడం కష్టమన్న డాక్టరు ఒకాయన వీడికంటే ముందే పోయారు, పాపం.

చూడటానికి వచ్చినవాళ్ళందరూ ఒకే మాట అనేవాళ్ళు. "దేవుడి బిడ్డమ్మా, ఎప్పటికీ పసివాడే, కల్మషం తెలీదు." నిజం చెప్పాలంటే ఆ మాట పట్టుకునే నేను చాలా ఏళ్ళు నెట్టుకొచ్చాను. ఎప్పటికీ పసివాడే అయితే పెద్దయ్యాక ఏం చెయ్యాలన్న బెంగ ఉండదు కదా. కల్మషం తెలీదనడం కూడా అబద్ధమే. మైసూర్‌పాక్ డబ్బా ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, చెల్లి పేరు చెప్పేవాడు. అప్పటికి ఆ పిల్లకు పళ్ళు కూడా రాలేదు.

మూడేళ్ళు నిండాక, 1989లో, బోయిన్‌పల్లి దగ్గరున్న మనోవికాస్ నగర్‌కి తిరగడం మొదలుపెట్టాం. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం అక్కడి జాతీయ సంస్థ 1984లో పెట్టారు, అంటే మావాడికంటే ఏడాదే పెద్దది. ఎన్ఐఎంహెచ్ అనేవాళ్ళం. తర్వాత పేరు మార్చి ఎన్ఐఈపీఐడీ చేశారు గానీ, మా వయసు తల్లిదండ్రులెవరికీ ఆ పేరు నోరు తిరగదు. మెట్టుగూడ నుంచి సికింద్రాబాద్ స్టేషన్ దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకొకటి. చంకలో కూతురు, చేతికి వీడు, భుజానికి సంచీ. బస్సులో ఎవరో ఒకరు వీడి మొహం వంక చూసి, తర్వాత నా వంక చూసి, "మొదట్నుంచీ ఇంతేనా" అని అడిగేవాళ్ళు. మధ్యలో చెడిపోయిన ఫ్యాను గురించి అడిగినట్టు.

అక్కడ నేను నేర్చుకున్నది ఒక్కటే, కానీ దాని మీదే మా ఇల్లు నడిచింది. పిల్లాడికి పాంటు వేసుకోవడం నేర్పాలంటే మనం మొదటి నుంచి మొదలుపెడతాం. కాలు దూర్చు, ఇంకో కాలు దూర్చు, లాగు అని. అక్కడి టీచరమ్మ తిరగేసి చెప్పింది. పాంటు మొత్తం మీరే తొడగండి, నడుం దగ్గర చివరి జానెడు మాత్రం వాణ్ణి లాగమనండి, అంది. అది వచ్చాక మోకాళ్ళ దగ్గర వదలాలి, అదీ వచ్చాక మడమల దగ్గర. దీన్ని బ్యాక్‌వర్డ్ చైనింగ్ అంటారట. మొదటి నుంచి నేర్పితే పిల్లాడు సగంలో అలిసిపోయి, ఏదీ కాలేదన్న మొహంతో లేచిపోతాడు. చివర నుంచి నేర్పితే, చేసింది జానెడే అయినా పని పూర్తయ్యేది వాడి చేతిలోనే. రోజూ "అయిపోయింది!" అని చప్పట్లు కొట్టొచ్చు. పళ్ళు తోమడం, చొక్కా గుండీలు, అన్నం కలుపుకోవడం, పక్క చుట్టడం, మావాడు అన్నీ తోక దగ్గర మొదలుపెట్టి తలదాకా నేర్చుకున్నవాడే. చొక్కా గుండీలకు ఏడు నెలలు పట్టింది. మెడ దగ్గర గుండీ ఇప్పటికీ పెట్టుకోడు. రాక కాదు, ఇష్టం లేక.

మీసం ఆలస్యంగా వచ్చింది. పద్దెనిమిది దాటాక పెదవి మీద నూగు మొదలై, చుబుకం కింద అక్కడక్కడా నాలుగు వెంట్రుకలు. నేను కుట్టు కత్తెరతో కత్తిరించేసేదాన్ని. అది మా ఆయన కంట పడింది. "మగపిల్లాడి మొహం మీద కత్తెరేమిటే, మల్లెతీగనా" అని కోప్పడి, ఆ ఆదివారం వాణ్ణి తన పక్కన నిలబెట్టుకున్నారు.

మా ఆయన గడ్డం గీసుకోవడం ఒక తతంగం. కిటికీ ఊచకు తగిలించిన చిన్న అద్దం, స్టీలు గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, గోద్రెజ్ క్రీము, పందికుచ్చు బ్రష్షు. పిడి తిప్పితే పైన రెండు తలుపుల్లా తెరుచుకునే ఇనప రేజరు. అందులో టోపాజ్ బ్లేడు. ఇవన్నీ అయ్యేదాకా వాష్ బేసిన్ కుళాయి సన్నగా పారుతూనే ఉండేది. ఆ కుళాయి గురించి మేం ముప్ఫై ఏళ్ళు పోట్లాడుకున్నాం.

వాడికి అదీ తోక నుంచే నేర్పారు. మొదటి కొన్ని వారాలు మొహమంతా ఆయనే గీసేవారు. వీడి పనల్లా కడుక్కుని, తువ్వాలుతో అద్దుకుని, ఓల్డ్ స్పైస్ అరచేతిలో పోసుకుని రెండు చెంపల మీద టపటపా కొట్టుకోవడం. ఆ కొట్టుకోవడం వాడికి ఎంత నచ్చిందంటే, పక్కింటివాళ్ళకు వినబడేది. తర్వాత ఎడమ చెవి కింద ఒక్క గీటు వదిలేవారు. వీడి చేతి మీద ఆయన చెయ్యి వేసి ఆ ఒక్క గీటూ లాగించేవారు. "నొక్కకు. బరువు రేజరుదే, నీది కాదు" అనేవారు. ఒక గీటు రెండయింది, రెండు చెంపంత అయింది. సంక్రాంతికి మొదలుపెట్టింది, మరుసటి ఏడు ఉగాదికి మొహమంతా తనే గీసుకున్నాడు. పదిహేను నెలలు. ఒకే ఒక్కసారి చుబుకం దగ్గర తెగింది. రక్తం చూసి బిగుసుకుపోయాడు. ఆయన పటిక ముక్క తడిపి రాశారు. మండి, చల్లబడింది. ఇక ఆ రోజు నుంచి తెగినా తెగకపోయినా పటిక రాయాల్సిందే. బ్లేడు మార్చడం మాత్రం ఆయన వాడికి నేర్పలేదు. అది తన దగ్గరే ఉంచుకున్నారు.

వంటింట్లోంచి చూస్తే ఒకే అద్దంలో నురగ పూసుకున్న మొహాలు రెండు కనబడేవి. ఆయనేమో మురిసిపోయేవారు. నాకు మాత్రం కాస్త గుబులుగా ఉండేది. ఎప్పటికీ పసివాడే అన్న మాటకు ఆ అద్దంలో చోటు లేదు.

నాకంటే ముందు చట్టం గ్రహించింది వాడు పెద్దవాడయ్యాడని. ఒక బ్యాంకులో వాడి పేరు మీద డబ్బు వేద్దామని వెళితే కౌంటరులో ఆయన, పిల్లాడికి పద్దెనిమిది దాటాయి, మేజరు, మీ సంతకం చెల్లదు అన్నాడు. సరే, వాడితోనే పెట్టించండి అంటే, అతనికి తెలివి లేదు కదమ్మా, అదీ చెల్లదు అన్నాడు. మావాడి ముందే అన్నాడు. మావాడు కౌంటరు మీద గొలుసుతో కట్టిన పెన్ను వంక చూస్తూ నిలబడ్డాడు.

1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఇలాంటి పెద్దవాళ్ళకు గార్డియన్‌ను నియమించవచ్చని అప్పుడు తెలిసింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ళకు ఆ చట్టం. జిల్లాకొక కమిటీ, దానికి కలెక్టరు పెద్ద. ఇంకో కారణం కూడా ఉంది. మా ఆయనది కేంద్ర ప్రభుత్వ కొలువు కాబట్టి, మా తర్వాత ఫ్యామిలీ పెన్షన్ వాడికి జీవితాంతం వస్తుంది. మామూలు కొడుకులకైతే 25 ఏళ్ళతో ఆగిపోతుంది. వాడి తరఫున ఆ డబ్బు తీసుకునే మనిషి ఎవరో కాగితం మీద ఉంటే మంచిదన్నారు. 2009లో దరఖాస్తు పెట్టాం. కన్నకొడుక్కి సంరక్షకులుగా ఉంటామని అర్జీ పెట్టుకోవడం ఏమిటని నేను దారంతా సణుగుతూనే ఉన్నాను.

ఆ కమిటీలో చట్టప్రకారం వైకల్యమున్న మనిషి ఒకరు సభ్యులుగా ఉంటారు. మా రోజున ఉన్నాయన పోలియో మనిషి, కాలికి క్యాలిపర్ వేసుకుని ఉన్నారు. మిగతావాళ్ళు మా ఇద్దర్నీ అడుగుతున్నారు, అబ్బాయి స్నానం చేస్తాడా, డబ్బు లెక్క తెలుసా అని. ఆయన మా వైపు చూడనే లేదు. కుర్చీ వాడి వైపు తిప్పుకుని, అసలు పేరుతో పిలిచి, చివర గారు చేర్చి, "మీ విషయాలు అమ్మా నాన్నా చూసుకోవడం మీకు ఇష్టమేనా అండీ?" అని అడిగారు.

వాడికి అప్పుడు ఇరవై మూడేళ్ళు. ఆ ఇరవై మూడేళ్ళలో వాణ్ణి 'మీరు' అన్న మొదటి మనిషి ఆయనే. వాడు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమో అని. ఎవరూ లేరని తేల్చుకుని, చొక్కా కిందికి లాక్కుని, నిదానంగా చెప్పాడు. "బ్లేడు నాన్న మారుస్తాడు. మిగతాది నేనే."

ఆయన నవ్వలేదు. తల ఊపి కాగితం మీద ఏదో రాసుకున్నారు. గార్డియన్‌షిప్ వచ్చింది. ఆయన ఏం రాసుకున్నారో అని నాకు ఇప్పటికీ అనిపిస్తూ ఉంటుంది.

ఇంత జరిగాక బుద్ధి రావాలి కదా. రాలేదు. నుమాయిష్, అదే నాంపల్లి ఎగ్జిబిషన్, సంగతి చెబుతాను.

ఏటా జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో నుమాయిష్ అంటే మా ఇంట్లో పండగ కింద లెక్క. హైదరాబాద్ వాళ్ళకు చెప్పక్కర్లేదు, 1938 నుంచీ ఉన్నదే. మావాడికి అందులో మూడు కావాలి. బొమ్మ రైలు, మిర్చి బజ్జీ, మళ్ళీ బొమ్మ రైలు. 2012 జనవరిలో ఒక ఆదివారం ముగ్గురం వెళ్ళాం. అమ్మాయికి పెళ్ళయి అప్పటికి ఏడాది. లోపల అడుగు తీసి అడుగు వేసే సందు లేదు. నేను ఒక దుప్పట్ల స్టాలు దగ్గర బేరం మొదలుపెట్టాను. కొట్టువాడు ఎనిమిది వందలంటాడు, నేను నాలుగు వందలంటాను. మా ఆయన ఎవరో పాత కొలీగ్ కనబడితే మాటల్లో పడ్డారు. అయిదు వందల దగ్గర బేరం తెగింది. తిరిగి చూస్తే చంటి లేడు.

ఆ తర్వాతి నలభై నిమిషాలు నాకు సరిగ్గా గుర్తులేవు. దుప్పటి అక్కడే వదిలేశాను. మా ఆయన గాంధీభవన్ గేటు వైపు పరిగెత్తారు. నేను ఎవరినో అడుక్కుంటూ మైకు ఉన్న గదికి చేరాను. ఏడుపు ఆగడం లేదు. "మా బాబు తప్పిపోయాడు" అన్నాను. పేరేమిటమ్మా అంటే "చంటి" అన్నాను. ఏం వేసుకున్నాడంటే "నీలం స్వెటరు" అన్నాను. వయసెంత అని కూడా అడిగాడు. దానికి నేను జవాబు చెప్పినట్టు లేదు. అతనేం చేస్తాడు, మైకు తీసుకుని చదివేశాడు. "నీలం స్వెటర్ వేసుకున్న చంటి అనే బాబు తప్పిపోయాడు. ఎవరికైనా కనిపిస్తే దయచేసి..." తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి. ఆ మాట మైదానమంతా మోగింది. పావుగంటలో ఇద్దరు నీలం స్వెటర్ల పిల్లల్ని ఎవరెవరో చేయి పట్టుకుని తీసుకొచ్చారు. ఒకడికి నాలుగేళ్ళు, ఇంకొకడికి ఆరేళ్ళు. ఇద్దరూ తప్పిపోలేదు. ఆరేళ్ళవాడి తల్లి వెనకే వచ్చి, ఆ పెద్దమనిషిని తిట్టి తీసుకుపోయింది.

అక్కడే మీసమున్న, డెబ్భై కిలోల, నీలం స్వెటర్ మనిషి వందలమంది మధ్య నిలబడి ఉన్నాడు. ఒక్కరూ పట్టించుకోలేదు. వాళ్ళు వెతుకుతున్నది బాబును కదా.

మా ఆయనకు దొరికేసరికి బొమ్మ రైలు పక్కన ఒక బజ్జీల బండి ముందు వంగుని, దాని చక్రాల కిందికి తొంగిచూస్తున్నాడట. చేతిలో కాగితంలో సగం తిన్న బజ్జీ. ఏం చేస్తున్నావురా అంటే, "చంటి అని బాబు తప్పిపోయాడు. నా పేరే. చిన్నోడు. వెతుకుతున్నా" అన్నాడు.

"నువ్వేరా తప్పిపోయింది" అని ఆయన అంటే వాడికి చాలా కోపం వచ్చింది. తాను తప్పిపోలేదు. రైలు దగ్గర ఉంటానని అమ్మతో చెప్పి మరీ వచ్చాడు. జేబులో డబ్బు పెట్టి బజ్జీ కొన్నాడు. ఇక్కడే ఉన్నాడు. ఆలోచిస్తే నిజమే. బేరం మధ్యలో ఎవరో నా కొంగు లాగి "రైలు" అన్నట్టు లీలగా గుర్తొచ్చింది. "ఆఁ ఆఁ" అన్నాను కూడా.

బస్సులో నా పక్కన కూర్చోలేదు. ఇంటికొచ్చి స్వెటరు విప్పి మడత పెట్టి, పడుకోబోయే ముందు గుమ్మంలో నిలబడి, "మైకులో బాబు అనొద్దు" అన్నాడు. మర్నాటి నుంచి మా ఆయన వాణ్ణి అసలు పేరుతో పిలవడం మొదలుపెట్టారు, పోయేదాకా అలాగే పిలిచారు. నాకు చేతకాలేదు. ఇప్పటికీ చంటీ అనే పిలుస్తాను. ఇంట్లో అయితే పలుకుతాడు. వీధిలో పిలిస్తే వినబడనట్టు నడుస్తాడు.

2014లో మనవరాలికి చెవులు కుట్టించారు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టే కదా కుట్టించేది. వియ్యపురాలు మంచి మనిషే, కానీ మెల్లగా నన్ను పక్కకి పిలిచి, పాప కదిలితే ఇబ్బందేమో, వరసకు మేనమామ అయ్యేవాళ్ళు ఇంకెవరైనా, అని నసిగింది. నేను సరేననబోయాను. మా అమ్మాయి విన్నది. "మా అన్నయ్య ఉండగా వరస మేనమామ ఎందుకత్తయ్యా" అని, పాపను తీసుకెళ్ళి వాడి ఒళ్ళో కూర్చోబెట్టేసింది. కంసాలి తీగ గుచ్చగానే పాప కెవ్వుమంది. మావాడూ ఏడ్చాడు, కన్నీళ్ళు మీసంలోంచి కారేటట్టు. మోకాళ్ళు మాత్రం ఒక్క అంగుళం కదపలేదు. రెండో చెవి కూడా అయ్యాక, లెమ్మంటే లేవలేకపోయాడు. కాళ్ళు తిమ్మిరెక్కిపోయాయి.

ఆ రోజుల్లో వాడు ఒక వర్క్‌షాపుకి వెళ్ళేవాడు. ఫైలు కవర్లు, కాగితం సంచులు చేసేవాళ్ళు, నెలకు ఆరు వందలు ఇచ్చేవాళ్ళు. కవరు తెచ్చి వాళ్ళ నాన్న చేతిలో పెట్టేవాడు, ఆయన కళ్ళకద్దుకుని బీరువాలో పెట్టేవారు. లాక్‌డౌన్‌లో అది మూతపడింది, మళ్ళీ తెరవలేదు.

కానీ అప్పటికి ఆయన లేరు. 2018 నవంబరులో, రెండు రోజుల జ్వరంతో, ఎవరికీ పని పెట్టకుండా వెళ్ళిపోయారు. చితికి నిప్పు మావాడే పెట్టాడు, మరిది కొడుకు మోచెయ్యి పట్టుకుంటే. పెద్దకర్మ నాటికి వాడికి తలా మీసం తీయించారు. ఆ మొహం చూస్తే పురిట్లో మొహమే.

మళ్ళీ గడ్డం మొలిచింది. ఒక ఆదివారం పొద్దున్న నేను కాఫీ కలుపుకుంటుంటే వచ్చి రేజరు గట్టు మీద పెట్టాడు. "బ్లేడు" అన్నాడు.

ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో నేను ఆ రేజరు ఎప్పుడూ పట్టుకోలేదు. ఎలా తెరవాలో తెలీదు. పైన పట్టుకుని లాగబోయాను. "ఊహూఁ" అన్నాడు. "కింద తిప్పు." తిప్పాను. రానంది. "ఇటు కాదు. అటు." అటు తిప్పితే తలుపులు తెరుచుకున్నాయి. "పాతది తియ్యి. అంచు పట్టుకోకు. మధ్యలో." వాడు పదమూడేళ్ళు ఆదివారం ఆదివారం పక్కన నిలబడి చూసినదంతా, వాళ్ళ నాన్న గొంతుతో సహా, ఒక్కొక్కటే చెబుతున్నాడు. కొత్తది కాగితం విప్పేటప్పుడు నా బొటనవేలు తెగింది. సన్నగా రక్తం. వాడు పరిగెత్తలేదు, అరవలేదు. బాత్రూంలోకి వెళ్ళి, పటిక ముక్క తడిపి తెచ్చి, నా వేలు పట్టుకుని రాశాడు. "మండుతుంది. తర్వాత చల్లగా ఉంటుంది" అన్నాడు.

అప్పట్నుంచీ బ్లేడు నేనే మారుస్తున్నాను. నెలకు రెండుసార్లు.

కంటి డాక్టరు శుక్లం మొదలైందన్నారు. ఇలాంటివాళ్ళకు తొందరగా వస్తుందట. థైరాయిడ్ మాత్ర ఎలాగూ పదేళ్ళుగా వేస్తున్నాను. వాణ్ణి చూసే ఫిజీషియన్ మాత్రం ఇంకొకటి చెప్పారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకు నలభై దాటాక మతిమరుపు జబ్బు, అల్జీమర్స్, వచ్చే అవకాశం మామూలువాళ్ళకంటే బాగా ఎక్కువట. దానికి సంబంధించిన జన్యువు ఒకటి ఆ 21వ క్రోమోజోము మీదే ఉంటుందట. రోజూ చేసే పనుల్లో వరస తప్పుతున్నాడేమో కనిపెట్టి ఉండండి అన్నారు. ఎక్కువుంటే మంచిదే కదే అన్న మా అత్తగారు గుర్తొచ్చారు.

అందుకని ఆదివారాలు హాల్లో పేపరు పట్టుకుని కూర్చుంటాను, చదవను. వింటాను. మొదట కుళాయి. తర్వాత గిన్నెలో బ్రష్షు చప్పుడు. కాసేపు ఏమీ వినబడదు, అది గీతల సమయం. రేజరు గిన్నె అంచుకు మూడుసార్లు కొడతాడు. తర్వాత పటిక డబ్బా మూత. ఆఖరున చెంపల మీద టపటపా. అన్నీ వరసలో ఉంటే పేపరు తిప్పుతాను.

ఇవాళ ఆదివారమే. ఇది రాస్తూ వింటున్నాను. బ్రష్షు అయింది, గిన్నె మోగింది, పటిక అయింది, చెంపలు కూడా అయ్యాయి. తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చి, ఎండలో కూర్చుందామని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. కుళాయి మాత్రం కట్టలేదు. పోయిన వారం కూడా కట్టలేదు. వాళ్ళ నాన్నా కట్టేవారు కాదు.

మాకు మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. ఇవాళ రాని రోజు. వెళ్ళి కట్టొస్తాను.